నాలుక మీద రాజుగారి ఉప్పు

లవణగిరి రాజ్యంలో రాజు కంటే పెద్దది ఆట. ఈ మాట వింటే ఇతర దేశాలవాళ్ళు నవ్వుతారు. అలా నవ్విన వాళ్ళలో కొందరు ఏదో పని మీద అక్కడికి వెళ్ళి, నవ్వడం మానుకుని తిరిగి వచ్చారు. ఇంకొందరు తిరిగి రానే లేదు.

నగరం మాత్రం చూసి తీరవలసినదే. సముద్రానికి ఎదురుగా ముత్యపుచిప్పలు పొదిగిన గోపురాలు, పగడపు కమ్మీల గవాక్షాలు, చంద్రకాంత శిలల మెట్లు, కూడలి కూడలికీ పన్నీరు చిమ్మే నీటిబుగ్గలు. అన్నిటికీ అవతల కనుచూపు మేర తెల్లగా పరుచుకున్న ఉప్పుమళ్ళు. ఎండ కాసిందంటే వాటి మీద చూపు నిలవదు. కోటకు ముందు ఒక మైదానం ఉంది. దాని మీద సున్నంతో గీసిన గీతలను రోజూ తెల్లవారకముందే దిద్దుతారు. ఆ పని చేసేవాడికి రాజుగారి గుర్రాల కాపరి కంటే ఎక్కువ గౌరవం.

ఆ గీతలకు ఇవతల ఒక ఉప్పుబొమ్మ నిలబడి ఉంది. నిలువెత్తు ఆడపిల్ల బొమ్మ. గడ్డం పైకెత్తి ఉంది, పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. ఆ పెదవుల మీద ఆగిపోయిన మాటే ఆ పిల్ల కొంప ముంచింది.

ఆమె కుంభపురి రాజకుమార్తె కలహంసి. కరువుతో అల్లాడుతున్న తన దేశానికి ఉప్పు అడగడానికి దూతగా వచ్చింది. నిండు సభలో రాజు శంఖపాలుడికి నమస్కరించింది. కుడివైపు ఆసనంలో కూర్చున్న మాంత్రికుడు ఘూర్ణాక్షుడు తనకూ నమస్కారం వస్తుందని గడ్డం నిమురుకుంటూ ఎదురు చూశాడు. "రాజుగారికి నమస్కరించాను. ఈయన ఎవరు?" అందా పిల్ల. మాంత్రికుడు తానెవరో చూపించాడు. చూసేవాళ్ళు రెప్ప వేసి తీసేలోగా ఆమె ఉప్పుబొమ్మ అయిపోయింది.

శంఖపాలుడు చెడ్డవాడు కాడు, అలాగని మంచివాడూ కాడు. నియమాల మనిషి. దూతను రాయి చేయకూడదని శాసనం ఉంది గాని ఉప్పు చేయకూడదని ఎక్కడా లేదు. ఎటూ తేలని విషయాలన్నీ ఆ దేశంలో గీతలాటకు పోతాయి. కనుక ఇదీ పోయింది. మైదానం అవతలి చివర ఉన్న కుప్ప నుంచి పిడికెడు ఉప్పు తెచ్చి, గీతలన్నీ మళ్ళీ దాటి, బొమ్మ పాదాల మీద పోసినవాళ్ళు ఆ పిల్లను తమ ఇంటికి తీసుకుపోవచ్చునని చాటింపు వేయించారు. తొలకరి రాకముందే ఆ పని జరగాలి. వాన పడితే ఉప్పుబొమ్మ ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చాటింపు వేసిన వారానికే సముద్రం మీద మబ్బు పట్టింది.

ఆ ఉదయం ఆటకు దిగుతామని వచ్చిన ఉప్పుమళ్ళ కూలీలలో ఇద్దరు కూలీలు కారు. ఒకడు కలహంసి అన్న ఉదయార్కుడు, కుంభపురి యువరాజు. ఒంటికి మడి బురద పూసుకున్నాడు, నడుముకు గోనెపట్ట చుట్టుకున్నాడు, కిరీటం ఎప్పుడూ ఎరగనట్టు జుట్టు చింపిరి చేసుకున్నాడు. రెండోవాడు అతని అంగరక్షకుడు పిడుగుమల్లు. అతనికి వేషం వేయనవసరం లేకపోయింది. పరదేశి ఆ మైదానంలో కాలు పెట్టడానికి వీల్లేదు గనుక ఈ తంటా అంతా.

"నన్ను ఒరే అని పిలవాలి. గుర్తుందా?" అన్నాడు ఉదయార్కుడు దారిలో.

"గుర్తుంది బాబూ," అన్నాడు మల్లు.

"ఏదీ, పిలువు."

మల్లు రెండు మూడు సార్లు నోరు తెరిచి మూశాడు. "ఒరే... బాబూ," అన్నాడు చివరికి. అంతకంటే తనవల్ల కాదని చేతులెత్తేశాడు.

మైదానం చుట్టూ నగరమంతా చేరింది. అడ్డంగా అయిదు గీతలు, వాటన్నిటినీ నడిమికి చీలుస్తూ నిలువుగా ఒక గీత. గీతకొక కాపరి. గీతకూ గీతకూ మధ్య గడిలో నిలబడిన వాడికి, కాపరి చేతికి అందనంతసేపు, భయం లేదు. గీత దాటేటప్పుడు కాపరి చెయ్యి తగిలిందా, వాడు చచ్చినట్టే, పక్కకు పోయి కూర్చోవాలి. అడ్డగీతల కాపరులు తమ గీత మీద ఇటూ అటూ మాత్రమే తిరగాలి. నిలువుగీత కాపరి మాత్రం మొదటి గీత నుంచి చివరి గీత దాకా పరుగెత్తవచ్చు. ఇదంతా కుంభపురిలోనూ ఉన్న ఆటే. ఉదయార్కుడు గోచీ పెట్టుకునే వయసు నుంచీ ఆడుతున్నాడు.

మైదానం ఒడ్డున ఎత్తు పీట మీద ఆటపెద్ద సంపంగవ్వ కూర్చుని ఉంది. బోసినోరు, ఒళ్ళో తమలపాకుల పెట్టె, మెడలో శంఖం. రాజు సింహాసనం ఆమె పీట కంటే జానెడు కిందికే ఉంది.

"సందేహాల వేళ," అంది అవ్వ. "అడగండి."

ఇది లవణగిరివాళ్ళ ఆచారం. ఆటకు ముందు ప్రతి ఆటగాడూ ఒక్క సందేహమైనా అడగాలి. అన్నీ తెలిసినవాడైనా సరే. సందేహం లేనివాడే రేపు తగాదాకు వస్తాడని అవ్వ నమ్మకం. ఈ ఆచారం గురించి ఉదయార్కుడికి మైదానంలో నిలబడ్డాకే తెలిసింది. వేషం, నడక, మాట అన్నీ నేర్చుకుని వచ్చాడు, సందేహం మాత్రం తెచ్చుకోలేదు. తెలియనిది అడిగితే పరదేశి అని బయటపడతాడు. అందరికీ తెలిసినది అడిగినా అంతే.

ముందు ఒక మీసాల కాపరి అడిగాడు. "ఒక కాలు గీత మీద, ఒక కాలు బయట ఉంటే అవ్వా?"

"ఉన్న కాలుతో బతికావు. రెండూ బయట పడితే చచ్చావు. నీ గీత ఖాళీ."

"పాకుతూ దాటొచ్చా?" అన్నాడు ఒక కూలీ.

"పాకు, దొర్లు. మోకాళ్ళు నీవి."

"ఇద్దరం ఒక్కసారే దాటితే?"

"కాపరికి రెండు చేతులున్నాయి కదూ నాయనా. నీకు లెక్క రాదా?"

జనం నవ్వారు. ఇంతలో మొదటి గీత మీద నల్లని పట్టు అంగీలో నిలబడి ఉన్న కాపరి నెమ్మదిగా తల వంచాడు. అతనే ఘూర్ణాక్షుడు. కనుగుడ్లు రెండూ ఆగకుండా తిరుగుతున్నాయి.

"మంత్రం చెల్లుతుందా, అవ్వగారూ?"

"గీత మీద నిలబడి నువ్వు మంత్రమే చదువుకో, తుమ్మే తుమ్ముకో, నాకేం పని. గీత కదలకూడదు. ఎదుటివాడి ఒళ్ళు మారకూడదు. నీ ఒళ్ళు నీ ఇష్టం."

మాంత్రికుడు సంతృప్తిగా నవ్వాడు. తరవాత వంతు మల్లుది. పాపం, ఎంతో ఆలోచించి అడిగాడు. "ఉప్పు ఎంత తేవాలమ్మా?"

 చంకలో పిల్లలు కూడా తల తిప్పి చూశారు. సంపంగవ్వ వక్క కొరకబోయి ఆగింది.

"పిడికెడు," అంది. "దారిలో ఒలికితే మిగిలినంత. ఏ ఊరు నాయనా నీది?"

"వీడు చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాడు అవ్వా," అన్నాడు ఉదయార్కుడు వెంటనే. "అప్పట్నుంచీ ఇంతే. పనికి మాత్రం ఎద్దులా చేస్తాడు."

జనం మళ్ళీ నవ్వారు. మల్లు తన యువరాజు వైపు నిష్ఠూరంగా చూశాడు. అవ్వ నవ్వలేదు. "మరి నీ సందేహం?" అంది.

ఉదయార్కుడు సింహాసనం వైపు చూసి, "శంఖం ఊదాక రాజుగారు ఆట ఆపమంటే?" అని అడిగాడు.

"ఆగదు. శంఖం ఊదాక ఆటగాణ్ణి బయటికి పంపే అధికారం రాజుకూ లేదు, నాకూ లేదు. చచ్చి బయటికి రావాలి, లేదా గెలిచి రావాలి."

శంఖపాలుడు అవునన్నట్టు తల ఊపాడు. ఉదయార్కుడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అడగవలసినది ఇంకొకటి ఉందని అతనికి తోచనే లేదు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనిని ఎవరు మాత్రం సందేహంగా అడుగుతారు?

శంఖం మోగింది.

మొదటి గీతను అందరూ తేలికగా దాటారు. ఘూర్ణాక్షుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రండి రండి," అన్నాడు. "లోపలికి రావడానికేం. వచ్చినవాళ్ళు మళ్ళీ నా గీత మీదుగానే పోవాలి."

రెండో గీత దగ్గర ఇద్దరు కూలీలు చచ్చారు. మూడో గీత దగ్గర పాకుతానన్నవాడు పాకుతూనే చచ్చాడు. వాడి మోకాళ్ళు చీరుకుపోయాయి, కాపరి వంగి వాడి వీపు మీద తట్టాడు. నాలుగోవాడు నిలువుగీత కాపరికి చిక్కాడు. ఆ కాపరి కొంగ కాళ్ళ మనిషి. ఇటు చివర ఉన్నాడనుకునేలోగా అటు చివర ఉంటాడు. మల్లు మూడో గీత దాటి గడిలో నక్కాడు. ముందుకు పోతే మీసాల కాపరి, పక్కకు పోతే కొంగకాళ్ళవాడు. వేటకుక్కల మధ్య అడవిపంది పడ్డట్టయింది అతని పని.

ఉదయార్కుడు ఆగలేదు. నిలువుగీత వైపు నేరుగా పరుగెత్తాడు. కొంగకాళ్ళవాడు చేతులు చాచి ఎదురు వచ్చాడు. అడుగు దూరంలో ఉదయార్కుడు కుడికి ఒరిగాడు. అవతలివాడు కుడికి దూకాడు. ఉదయార్కుడు అసలు కుడికి పోలేదు, ఉన్నచోటే కూర్చుండిపోయాడు. దూకినవాడు అతని నెత్తి మీదుగా పోయి గడిలో బోర్లా పడ్డాడు.

"రెండు కాళ్ళూ బయట. చచ్చావు," అంది అవ్వ. "నిలువుగీత ఖాళీ."

జనం హోరెత్తారు. ఆ హోరులోనే ఉదయార్కుడు మీసాలవాడి చంక కింద నుంచి దూరాడు. చివరి గీత కాపరి ఒకవైపు వేటుకు సిద్ధంగా ఉంటే రెండోవైపు నుంచి దొర్లాడు. లేచేసరికి ఎదురుగా ఉప్పు కుప్ప. అతని చెల్లెలి ప్రాణం అందులో ఒక్క పిడికెడు.

పిడికిలి నిండా తీసుకున్నాడు. తీసుకుని, ఒక ఉప్పుకల్లు నాలుక మీద వేసుకుని, "ఉప్పు," అని కేక పెట్టాడు.

కుంభపురిలో అంతే. కుప్పను చేరినవాడు ఒక కల్లు రుచి చూసి కేక వేస్తాడు. చేరానని తోటివాళ్ళకు తెలియడానికి. వాళ్ళ దేశంలో ఆ కేక లేకుండా ఉప్పు ఎత్తినవాణ్ణి దొంగ అంటారు.

 సంపంగవ్వ శంఖం తీసి పొడుగ్గా ఊదింది. కాపరులంతా ఉన్నచోట నిలిచిపోయారు.

"ఏం తిన్నావు నాయనా?" అంది అవ్వ.

ఉదయార్కుడికి ఎక్కడో ఏదో తప్పు జరిగిందని అర్థమయింది. ఏమిటో మాత్రం తెలియలేదు. "ఉప్పు," అన్నాడు.

"ఎవరి ఉప్పు?"

"రాజుగారి ఉప్పు."

"ఆఁ. ఇక్కడ రాజుగారి ఉప్పు తిన్నవాడు రాజుగారి మనిషి. అందుకే మా పిల్లలు ఆ కుప్ప దగ్గర పెదవులు బిగించుకుని మసలుతారు. పాలు మరవని పిల్లకి కూడా తెలుసు. నీకు తెలియలేదంటే నువ్వు ఈ నేల వాడివి కాదు."

"పరదేశి," అన్నాడు ఘూర్ణాక్షుడు, గీత మీది నుంచి కదలకుండానే. "మహారాజా, తల నరికించండి. అతని వెంట ఉన్న ఆ తాటిచెట్టు మనిషి తల కూడా."

శంఖపాలుడు అవ్వ వైపు చూశాడు. అవ్వ తమలపాకు ఈనె తీస్తూ చెప్పింది. "తినేదాకా పరదేశే. తిన్నాక మీ మనిషి. మీ మనిషి తల మీ ఇష్టం ప్రభూ, కాని ఆట అయ్యాక. ఆ రెండోవాడు ఏమీ తినలేదు. శంఖం ఊదాక వాణ్ణి నేను బయటికి పంపలేను. వాడు ఆడతాడు."

"మరి ఇతను?"

"ఇతను ఇప్పుడు కాపరుల పక్షం. ఆ ఉప్పు కుప్పలో పోసెయ్, నాయనా. నిలువుగీత ఖాళీగా ఉంది. పోయి నిలబడు."

ఉదయార్కుడు పిడికిలి విప్పాడు. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు జారిపోతుంటే ఏడుపు వచ్చింది. యువరాజునన్న సంగతి గాని, చుట్టూ నగరమంతా చూస్తోందన్న సంగతి గాని అతనికి పట్టలేదు. ఒక్క కల్లుతో చెల్లెల్ని చేజేతులా చంపుకున్నానని కుమిలిపోయాడు. సముద్రం వైపు నుంచి చల్లగాలి వీచింది. మబ్బు మైదానం అంచు దాకా వచ్చేసింది.

నిలువుగీత మీదికి నడిచాడు. గడిలో మల్లు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"కాపరి కావాలని వదిలేస్తే ఏమవుతుంది, అవ్వగారూ?" అన్నాడు ఘూర్ణాక్షుడు తియ్యగా.

"ఆట రద్దు. బొమ్మ బొమ్మగానే ఉంటుంది. నా కళ్ళు ముసలివే గాని గుడ్డివి కావు." అవ్వ ఉదయార్కుడి వైపు తిరిగింది. "కొత్తగా గీత ఎక్కినవాడు తన చోటు గురించి ఒక సందేహం అడగొచ్చు. అడుగు."

ఉదయార్కుడు ఎడంచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. గీతల వైపు చూశాడు. ఇన్నేళ్ళూ దాటేవాడి కళ్ళతోనే చూశాడు వాటిని. ఇప్పుడు కాపరిగా చూస్తున్నాడు. నిలువుగీత అడ్డగీతలను కోసుకుంటూ పోతున్న చోట్లు కనిపించాయి.

"రెండు గీతలు కలిసే చోట ఇద్దరు కాపరులూ ఎదురైతే దారి ఎవరిది?"

"నిలువుగీతది. వాడు తొలగేదాకా అడ్డగీతవాడు ఆగాలి. కాపరిని కాపరి తాకితే తాకినవాడి చెయ్యి వెనక్కి పోవాలి."

శంఖం మళ్ళీ మోగింది. మొదటి చినుకు ఉప్పుబొమ్మ భుజం మీద పడి చిన్న గుంట చేసింది.

మల్లు కదలలేదు. "ఏం చెయ్యను బాబూ?" అన్నాడు దీనంగా.

"పరుగెత్తరా, మల్లూ. నా చేతికి చిక్కావంటే నిన్ను వదలను. నిజంగానే వదలను."

మల్లుకు అన్ని విషయాలూ ఆలస్యంగా అర్థమవుతాయి. ఇది మాత్రం వెంటనే అర్థమయింది. ఏనుగు ఘీంకరించినట్టు అరిచి మీసాలవాడి గీత వైపు ఉరికాడు. ఉదయార్కుడు నిలువుగీత మీద వెంటపడ్డాడు. మల్లును ఎడమవైపుకు తరిమాడు. మీసాలవాడు కుడి కొస నుంచి ఎడమకు పరుగెత్తుకొచ్చాడు, గీతలు కలిసే చోట ఉదయార్కుడి వీపు అడ్డం తగిలింది. ఆగవలసి వచ్చింది. ఉదయార్కుడు మల్లు కోసం చెయ్యి చాచాడు, మల్లు చెవి పక్కగా పోయింది. చివరి గీత దగ్గరా అదే జరిగింది. మల్లు కుప్ప మీద బోర్లా పడి పిడికిలి నింపుకున్నాడు. పెదవులు మాత్రం ఊడబెరికినా రానంత గట్టిగా బిగించాడు.

తిరుగుదారి ఎక్కడా ఆగని పరుగు. చినుకులు దిట్టమయ్యాయి. చివరి గీత, మీసాలవాడి గీత, మూడో గీత. ఉదయార్కుడు ఒక్కచోట కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అవ్వ పీట అంచుకు జరిగి, మెడ చాచి, అతని వేళ్ళ వైపే చూస్తోంది. రెండో గీత దగ్గర అతని గోరు మల్లు మోచేతికి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. తప్పినందుకు అతని ప్రాణం లేచి వచ్చింది.

మిగిలింది ఘూర్ణాక్షుడి గీత. అతను ఎడమ కొసన నిలబడి ఏదో గొణిగాడు. అతని కుడిచెయ్యి సాగింది. గుమ్మడితీగలా గీత పొడుగునా పాకుతూ కుడి కొస వైపు వచ్చింది. అయిదు వేళ్ళూ అయిదు పాముపడగలై లేచాయి. మల్లు కుడివైపే ఉన్నాడు. ఎటు దాటినా ఆ చెయ్యి అందుకుంటుంది. జనంలో ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు.

ఉదయార్కుడు నిలువుగీత మీద మొదటి గీత దాకా దూసుకువచ్చాడు. గీతలు కలిసే చోట రెండు కాళ్ళూ ఆనించి నిలబడి, మల్లు కోసం ఒళ్ళంతా చాచి వంగాడు. పాకుతూ వస్తున్న చెయ్యి అతని పిక్కలను కరుచుకుంది.

"కాపరిని కాపరి తాకాడు," అంది అవ్వ. "చెయ్యి వెనక్కి, అయ్యవారూ."

పడగలు బుసకొట్టాయి గాని నియమం నియమమే. చెయ్యి వచ్చిన దారినే వెనక్కి ముడుచుకుంది. ఆ క్షణంలోనే మల్లు దాటాడు. ఉదయార్కుడి చేతిలోకి అతని తలపాగా వచ్చింది.

"పట్టాడు," అని అరిచాడు మాంత్రికుడు.

"గుడ్డ పట్టాడు. గుడ్డ ఒళ్ళు కాదు."

అప్పటికే వాన అందుకుంది. బొమ్మ జడ కరిగి నడుము మీద చారలు కడుతోంది. మల్లు మోకాళ్ళ మీద జారుతూ పోయి, పిడికిలిలో మిగిలిన తడి ఉప్పును ఆ పాదాల మీద పోశాడు. పాదాల నుంచి రంగు పైకి పాకింది. చీర కుచ్చిళ్ళు, గాజులు, మెడ, చెంపలు. కలహంసి ఒక్కసారి తుమ్మి, చుట్టూ చూసి, "ఇంతకీ ఈయన ఎవరో చెప్పలేదు," అంది.

ఉదయార్కుడు గీత మీదే కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. వాన కదా, చూసేవాళ్ళకూ తెలియలేదు. చెల్లెలి దగ్గరకు పరుగెత్తబోయి కాలు ఎత్తాడు.

"కాలు దించు," అంది అవ్వ. "ఇంకా శంఖం ఊదలేదు."

ఘూర్ణాక్షుడి కనుగుడ్లు తిరగడం మానేశాయి. "ఆట ముగిసిందా, అవ్వగారూ? ఉప్పు తెచ్చినవాడు తన గడప తొక్కేదాకా ఆట ముగియదని మన పాత నియమం కదా. మన కూలీలయితే వాళ్ళ గుడిసెలు ఈ మైదానం ఒడ్డునే ఉన్నాయి. ఈ తాటిచెట్టు మనిషి ఇల్లు ఎక్కడ?"

 సంపంగవ్వకు మాంత్రికుడంటే ఒళ్ళుమంట. అయినా నియమాన్ని అతని మీద కోపంతో మార్చే మనిషి కాదు.

"నీ ఇల్లెక్కడ నాయనా?"

"కుంభపురిలో, ఏనుగుల సాల పక్కన," అన్నాడు మల్లు నిజాయితీగా.

"అయితే ఆ గడప దాకా ఆటే. అక్కడికి పోయే దారే ఇప్పుడు నిలువుగీత. అడ్డగీతల వాళ్ళు కదలడానికి లేదు, అయ్యవారూ, మీరు కూడా. నిలువుగీత కాపరి ఒక్కడే వెంటపడాలి. దారిలో వీణ్ణి తాకాడా, ఆ పిల్ల తాకినచోటే మళ్ళీ ఉప్పవుతుంది. తాకే వీలుండీ తాకలేదా, అప్పుడూ ఉప్పే అవుతుంది."

శంఖపాలుడు లేచి నిలబడ్డాడు. "నా మనిషికి నా గుర్రం ఇవ్వండి," అన్నాడు. "వాళ్ళకూ ఒకటి ఇవ్వండి. రెండూ ఒక ఈత పిల్లలే, ఎవరికీ అన్యాయం జరగదు." అలా అన్నాక తన న్యాయబుద్ధికి తానే ముచ్చటపడి కూర్చున్నాడు.

గుర్రాలు వచ్చాయి. మల్లు కలహంసిని ఎక్కించి తాను ఎక్కాడు. ఉదయార్కుడు రెండో గుర్రం ఎక్కేసరికి సంపంగవ్వ పీట దిగి వచ్చి చెయ్యి చాచింది. "నన్నూ ఎక్కించు. చూడకుండా నేను తీర్పు చెప్పను." ఎక్కి, అతని వెనక కుదురుగా కూర్చుని, తమలపాకుల పెట్టె తెరిచింది. "నేను తాంబూలం నమిలి ఉమ్మేదాకా వాళ్ళకు గడువు. అది ఆచారం."

కలహంసి గుర్రాన్ని దగ్గరకు తిప్పించింది. చెయ్యి అందుతుందేమోనని మల్లు కళ్ళెం బిగబట్టి ఒళ్ళు ముడుచుకున్నాడు. ఆమె జడ కొస ఇంకా తెల్లగానే ఉంది.

"అన్నా, నిజంగానే తరుముతావా?"

"నిజంగానే. నువ్వు నిజంగానే పారిపో."

ఆమె మల్లు భుజం మీద చరిచింది. వాళ్ళ గుర్రం వానలోకి దూకి, ఉప్పుమళ్ళ గట్టు మీదుగా పడమటికి పోయింది.

అవ్వ ఆకులకు సున్నం రాసింది. నిదానంగా రాసింది. వక్క వేసింది, మడిచింది, బుగ్గన పెట్టుకుంది. పళ్ళు లేని నోరు, నమలడానికి ఎంతసేపు పడితే అంతసేపు పట్టింది. గట్టు మీద గుర్రం పిడికిలంత అయింది. ఘూర్ణాక్షుడు తన గీత మీద నిలబడి పళ్ళు కొరుకుతున్నాడు. ఉదయార్కుడు రెండు చేతులా కళ్ళెం పట్టుకుని, వెనక్కి తిరగకుండా, ఆ నమిలే చప్పుడే వింటున్నాడు.

చప్పుడు ఆగింది. అవ్వ పక్కకు వంగి ఎర్రగా ఉమ్మింది.

"ఊఁ, పోనీ," అంది.

ఉదయార్కుడు గుర్రం డొక్కల్లో మడమలు తనకున్న బలమంతా పెట్టి నొక్కాడు.